ఎవరి గ్లాసు వాళ్ళు పోసుకోరాదు

సింగపూరు నుంచి వచ్చి నెల దాటింది. మండువలో ఇంకా అదే అడుగుతున్నారు. మండువ అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, తాటివనం పక్కన కల్లు అమ్మే జాగా. ముప్పై ఏళ్ళ పైనుంచి అక్కడ కూర్చుని కల్లు పోసేది నేనే. వచ్చిన ప్రతివాడూ తాటాకు రేక పట్టుకుని గొంతుక్కూర్చుని, "యాదమ్మక్కా, ఆ జపానోళ్ళ ముచ్చట ఇంకోపాలి చెప్పరాదు" అంటాడు. చెప్పి చెప్పి గొంతు పోయింది. అసలే నాది గరుకు గొంతు, కొబ్బరిచిప్ప మీద రాయితో గీకినట్టు ఉంటుందని మా ఆయన బతికున్న రోజుల్లోనే అనేవాడు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకని మా వీధి టీచరు సావిత్రమ్మను కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. ఆమె రాస్తోంది. మధ్యలో "ఇట్ల రాస్తే బాగుండదు యాదమ్మా" అంటోంది. బాగుండకపోయినా రాయమన్నాను.

ముందు ఒక సంగతి తెలియాలి, లేకపోతే తర్వాతది తెలియదు. మా దగ్గర తాగేవాడు తాటాకు రేకను దొప్పలా మడిచి రెండు చేతులా నోటికి పట్టుకుంటాడు. నేను లొట్టి, అంటే కల్లుకుండ, వంచి పోస్తాను. వాడు చాలనేదాకా పోస్తూనే ఉంటాను. చాలు అనాలంటే రేక ఖాళీ చేసి బోర్లిస్తాడు. పోసిన కల్లును మిగల్చకూడదు, పారబోయకూడదు. మిగిల్చాడంటే కల్లు బాగా లేదని నన్ను తిట్టినట్టే. ఇది మా ధర్మం.

గాలిలో సగం గ్లాసు

నా బిడ్డ స్వరూప సింగపూరులో కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తుంది. కంప్యూటర్ నేర్చినవాళ్ళను విమానాల నిండా ఎక్కించుకుపోతున్న రోజుల్లో, ఏడేళ్ళ కిందట వెళ్ళింది. దాని కంపెనీకి పై యజమానులు జపానువాళ్ళు. అల్లుడు ఆ నెలంతా పని మీద మనీలాలో ఉంటాడని, మనవరాలు చిన్నికి బడి సెలవులని, నన్ను రమ్మని టికెట్ పంపింది.

విమానం గురించి అందరూ చెప్పేదే, నేను చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను. బండి తోసుకుంటూ ఒక చక్కటి పిల్ల వచ్చి నారింజ రసం సగం గ్లాసే పోసి పోయింది. ఇదేందమ్మా ఇంత పిసినారితనం అనుకున్నాను. మా మండువలో సగం పోస్తే రేక నా ముఖాన కొడతారు. అంతలో విమానం ఎడ్లబండిలా ఎగిరెగిరి పడింది. పక్కాయన గ్లాసు ఆయన ఒళ్ళో పడింది. నాది ఒక్క చుక్క ఒలకలేదు. అప్పుడు ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఎక్కడ ఎంత పోయాలో తెలిసిన మనిషి.

యూ టీ, పదకొండో అంతస్తు

స్వరూప వాళ్ళది యూ టీలో సర్కారు కట్టిన ఫ్లాటు. పదకొండో అంతస్తు. తాటిచెట్టు మీద తాటిచెట్టు పెడితే ఎంతో అంత ఎత్తు. మా ఆయన చూసి ఉంటే నడుముకు మోకుతాడు లేకుండా ఇంత ఎత్తు ఎక్కి అన్నం తింటారా అనేవాడు.

అక్కడ బట్టలు ఆరేయడమే ఒక విద్య. వెదురు గడకు బట్టలు గుచ్చి, కిటికీలోంచి గడను బయటికి తోసి, గోడకున్న గొట్టంలో దించాలి. ఊరంతా జెండా పండుగలా ఉంటుంది. రెండో రోజే నా లంగా ఎగిరిపోయి ఏడో అంతస్తు చీనా ముసలమ్మ గడ మీద వాలింది. వెళ్ళి తలుపు కొట్టాను. ఆమెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. లంగాను చక్కగా మడతపెట్టి ఇచ్చింది. ఊరికే ఇవ్వకుండా రెండు నారింజపండ్లు కూడా పెట్టి ఇచ్చింది. నేను పైకి వచ్చి మామిడికాయ తొక్కు తీసుకెళ్ళి ఇచ్చాను. మరునాడు ఆమె ముక్కు ఎర్రగా చేసుకుని నవ్వుతూ ఖాళీ గిన్నె తెచ్చింది. మాటలు లేకపోతే చుట్టరికం తొందరగా కలుస్తుంది.

చిన్నికి ఆరేళ్ళు. నేను తెలుగులో పిలిస్తే అది ఇంగ్లీషులో పలుకుతుంది. నేను కిటికీలోంచి చీనా ముసలమ్మను కేకేస్తే, "అమ్మమ్మా, కెనాట్ షౌట్ లా! పోలీస్ కమ్!" అంటుంది. మాట చివర "లా" అనడం అక్కడివాళ్ళ అలవాటు.

"పోలీసు వస్తే రానియ్యి, ఆయనకు కూడ తొక్కు పెడ్త" అన్నాను.

చోవా చూ కాంగ్‌లో టీ తాడు

మూడో రోజు ఆదివారం. చోవా చూ కాంగ్‌లో తిండి అంగళ్ళ షెడ్డుకు వెళ్ళాం. హాకర్ సెంటర్ అంటారు. ముప్పై నలభై కొట్లు వరసగా, నడుమ బల్లలు. ఏ కొట్లో కొన్నా ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు. ఖాళీ బల్ల మీద ఎవరో కాగితం రుమాళ్ళ పొట్లం మరిచిపోయారు. పాపం అని తీసి సంచిలో వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి పళ్ళెం పట్టుకుని ఒకాయన వచ్చి నన్నూ బల్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు. చిన్ని తల కొట్టుకుంది. "అమ్మమ్మా! అంకుల్ చోప్ చేసిండు లా!" ఆ పొట్లం పెట్టడమంటే ఈ బల్ల నాది అని తువ్వాల వేసినట్టట. మన బస్సు సీటులో కిటికీలోంచి తువ్వాల వేయమా, అదే. నేను ఆయన తువ్వాల ఎత్తుకుపోయి ఆయన సీట్లో కూర్చున్నాను. పొట్లం తిరిగి ఇచ్చి, లేవబోతే ఆయనే కూర్చోమన్నాడు. ఒకే బల్ల దగ్గర ఆయన నూడుల్సు, మేము పరాటాలు తిన్నాం.

టీ కొట్టు పెద్దాయన పేరు నారాయణ. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. ఆయన తెలుగులో సగం అరవం, కాస్త మలాయి కలిసి ఉంటుంది. "వాంగో అక్కా, మాకాన్ అయ్యిందా?" అన్నాడు. తిన్నావా అని. అయ్యిందన్నాను. అప్పుడు టీ కలిపాడు చూడండి! ఒక చేతిలో చెంబు నెత్తిమీదికి లేపి, ఇంకో చేతిలో చెంబు మోకాలి దాకా దించి, టీని తాడులా లాగాడు. పసుపు రంగు తాడు. అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు. పైన బుడగలు లేచి నురగ కట్టింది. అచ్చం మన పొద్దటి కల్లు నురగ. టీ ఎనభై సెంట్లు, మన లెక్కలో ఇరవై రూపాయల పైమాటే. ఆ లాగడానికే ఇవ్వొచ్చు.

నాకు ఆగలేదు. "శభాష్ అన్నా! నేను గూడ పోసేదాన్నే. కల్లు పోస్త" అన్నాను, నా గొంతు సంగతి తెలుసు కదా, షెడ్డంతా వినబడింది.

నారాయణ ముఖం వెలిగిపోయింది. "కల్లా! మా అప్పా కాలంలో ఇక్కడ కొబ్బరికల్లు కొట్లు ఉండేవి అక్కా. ఇప్పుడు ఏదీ లేదు. పేరు వింటేనే నాకు నోట్లో నీళ్ళొస్తున్నయ్."

నేను ఇంకా చెప్పబోతున్నాను. స్వరూప నా మోచెయ్యి పట్టుకుని, "నడువమ్మా, ఎండెక్కుతంది" అని లేవదీసింది. షెడ్డుకు కప్పు ఉంది. ఎండ ఎక్కడిది?

సెరంగూన్ రోడ్డులో చీర

సెరంగూన్ రోడ్డు మన ఊరి అంగడి లాంటిది, కాకపోతే ఉమ్మి వేయకూడదు. మల్లెపూలు మూర రెండు డాలర్లు విని, తలలో పెట్టుకోవడం మానేసి ఊరికే వాసన చూసి వచ్చాను. అక్కడ స్వరూప నాకు ఆకుపచ్చ పట్టంచు చీర కొంది. ఎందుకే అంటే అప్పుడు చెప్పింది. దాని పెద్దసారు మోరి గారు పని ముగించుకుని జపాను వెళ్ళిపోతున్నాడట. శనివారం సాయంత్రం అందరికీ విందు. ఇంట్లోవాళ్ళను తీసుకురమ్మన్నాడట. అమ్మ వచ్చిందని తెలిసి, అమ్మ తప్పకుండా రావాలన్నాడట.

"మంచిదే కదా" అన్నాను.

స్వరూప చీర సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "అమ్మా, ఆడ మన తెలుగోళ్ళు కూడ ఉంటరు. కల్లు ముచ్చట తియ్యకు."

నేను దాని ముఖంలోకి చూశాను.

"నాకు సిగ్గని కాదే. ఒకసారి ఆఫీసులో ఎవరో కల్లు దుకాణం మీద జోకేసిన్రు. అందరు నవ్విన్రు. అందరితోని నేను గూడ నవ్విన. ఇప్పుడు మా అమ్మ అమ్మేది గదేనని ఎట్ల చెప్పాలె? మా అమ్మ ఇంట్లనే ఉంటదని చెప్పిన."

చిన్నప్పటి నుంచీ దానికి అబద్ధం చెప్పేటప్పుడు కిందిపెదవి కొరుక్కునే అలవాటు. అప్పుడు కొరుక్కోలేదు. నిజమే చెప్పింది. అందుకే గట్టిగా తగిలింది. అయినా ఒక్క బిడ్డ, ఏడేళ్ళుగా పరాయి దేశంలో నెట్టుకొస్తోంది. "సరే బిడ్డా, ఇంట్లనే ఉంటనని చెప్త" అన్నాను. నవ్వేశాను కూడా. కానీ ఆ రోజు కొన్న చీర బరువుగా తోచింది, పట్టంచు వల్ల కాదు.

ఇంట్లో తాలీము

శుక్రవారం మా ఇంట్లో పెద్ద నాటకం. జపానువాళ్ళ పక్కన కూర్చుని తాగడానికి చాలా పద్ధతులున్నాయట, స్వరూప నేర్పింది. స్టీలు గ్లాసులు, చెంబెడు మంచినీళ్ళు. చిన్ని కుర్చీ మీద దిండు వేసుకుని కూర్చుని మోరి సారు అయింది.

ఒకటి, అందరి గ్లాసులూ నిండేదాకా ఎవరూ నోట పెట్టరాదు. నిండాక గ్లాసులు లేపి కాంపాయి అనాలి. పెద్దవాళ్ళకు పోసేటప్పుడు సీసాను రెండు చేతులా పట్టుకోవాలి. మనకు పోస్తుంటే మన గ్లాసును రెండు చేతులా ఎత్తి పట్టాలి. అన్నిటికంటే పెద్దది, ఎవరి గ్లాసు వాళ్ళు పోసుకోరాదు. పక్కవాళ్ళకు మనం పోయాలి, మనకు పక్కవాళ్ళు పోస్తారు.

"మరి పక్కోడు చూడకపోతే?"

"ఊకె కూసోవాలె."

"దూపైతే?"

"దూపైనా సరే."

ఇది నాకు భలే నచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ పోశాను. నాకు ఎవరు పోశారు? అందరూ వెళ్ళాక లొట్టి అడుగున మిగిలిన గుక్కెడు నేనే వంచుకుంటాను, పులిసిందో లేదో చూడటానికి. ఈ లెక్కన జపానులో నేను దప్పికతో చచ్చిపోయేదాన్ని.

చిన్ని మోరి సారుకు పోశాను. "నాట్ లైక్ దట్ లా అమ్మమ్మా! యు మస్ట్ బెండ్!" అంది. వంగాను. నడుము పట్టేసింది. ముగ్గురం కిందపడి నవ్వాం, నీళ్ళన్నీ చాప మీద.

స్వరూపకు తెలియని పద్ధతి ఒకటి ఉండిపోయింది. అది ఎప్పుడూ పండ్లరసం తాగే పిల్ల కనుక దానికి తెలిసే దారి లేదు. ఆ ఒక్కటీ నా కొంప ముంచింది.

జపాను హోటల్లో ఏడు గ్లాసులు

శనివారం ఆరు గంటలకు, ఇంకా పొద్దు ఉండగానే, ఊరి నడుమ నది పక్కన ఉన్న హోటలుకు చేరాం. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. గుడికి వచ్చినట్టే ఉంది. గడ్డితో నేసిన చాపలు, పొట్టి బల్ల, నేల మీద కూర్చోవాలి. నాకంటే సుఖపడినవాళ్ళు ఆ గదిలో లేరు. బాసింపట్టు వేసి కూర్చున్నాను. స్వరూపతో పని చేసే రాజేంద్ర గారు, కోస్తా వైపు ఆయన, పది నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కి ఈ మోకాలి మీదికీ ఆ మోకాలి మీదికీ ఒరుగుతున్నారు. ఆయన భార్య లలితమ్మ, "ఇంట్లో సోఫా కొనేటప్పుడే చెప్పానండీ, కాస్త కిందా కూర్చోండి అని" అంటోంది. పిల్లలతో కలిపి మొత్తం పదకొండుమంది.

రాగానే వేడి తడి తువ్వాల ఇచ్చారు. ముఖం, మెడ, భుజాలు అన్నీ హాయిగా తుడుచుకున్నాను. స్వరూప గిల్లింది. అది చేతులకేనట. చెప్పొద్దూ, చేతులకు మాత్రమే ఇంత వేడి నీళ్ళు ఖర్చా?

మోరి గారు నా ఈడువాడే. తెల్ల జుట్టు, సన్నటి మనిషి, నవ్వితే కళ్ళు కనబడవు. నాకు నడుము దాకా వంగాడు. నేనూ వంగాను. ఆయన మళ్ళీ వంగాడు. నేను మళ్ళీ వంగాను. స్వరూప నా కొంగు లాగకపోతే ఇప్పటికీ అక్కడే వంగుతూ ఉండేవాళ్ళం.

స్వరూప నాకు రసం చెప్పబోయింది. అంతలోనే మోరి గారు బీరు సీసా రెండు చేతులా పట్టుకుని నా ముందుకు వచ్చాడు. పెద్దామెకు మొదట. పోసేవాడు సీసా ఎత్తితే గ్లాసు వెనక్కి తీయడం నా ధర్మంలో లేదు. రెండు చేతులా ఎత్తి పట్టాను. అందరికీ నిండాక కాంపాయి అన్నాం. నా గొంతుకు పక్క గదిలోవాళ్ళు కూడా కాంపాయి అన్నారు.

పోసింది మిగల్చకూడదు కదా. మర్యాదగా మొత్తం తాగి గ్లాసు దించాను. మోరి గారు వెంటనే నింపాడు. అబ్బ, ఎంత మర్యాద అనుకుని అదీ తాగేశాను. పక్కనున్న కుర్రవాడు, మోరి గారి కింద పనిచేసే కెంజి, మళ్ళీ నింపాడు. తాగాను. నింపారు. బల్ల మీద ఉప్పు చల్లి ఉడకబెట్టిన కాయలు పెట్టారు, మన కందికాయల్లాగే వలుచుకు తినాలి. అవి వలిచేలోపు గ్లాసు నిండిపోయేది. పచ్చి చేప ముక్కలు వచ్చాయి, వాటికి దూరం నుంచే దండం పెట్టాను. గ్లాసుకు మాత్రం దూరం జరిగే వీలు లేదు.

ఆరో గ్లాసుకు స్వరూప కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, ఆపు."

"నేనేం జెయ్యనే? వాళ్ళు పోస్తుంటే."

"నువ్వు తాగుతున్నవ్, వాళ్ళు పోస్తున్నరు!"

"వాళ్ళు పోస్తున్నరు, నేను తాగుతున్న!"

నాకు ఎక్కలేదు. కల్లు లొట్ల మధ్య ముసలిదాన్నయ్యాను, ఆ నీళ్ళబీరు నన్నేం చేస్తుంది? కానీ నవ్వు ఎక్కింది. ఆపాలని మా పద్ధతి ప్రకారం గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద బోర్లించాను. వడ్డించే పిల్ల పరుగున వచ్చి, గ్లాసులో ఏదో మురికి పడిందనుకుని, వంగి వంగి క్షమాపణ చెప్పి, దాన్ని తీసుకుపోయి తళతళలాడే కొత్త గ్లాసు తెచ్చింది. కెంజి దాన్ని నింపాడు. ఏడు.

అప్పుడు మోరి గారికి సంగతి అర్థమై పడీ పడీ నవ్వాడు. తన నిండు గ్లాసు చూపించి, దాని మీద అరచెయ్యి పెట్టి, స్వరూపతో ఏదో చెప్పాడు. స్వరూప నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా, వీళ్ళ తాన ఖాళీ గ్లాసంటే ఇంక పొయ్యమని. చాలంటే నిండుగ వదిలెయ్యాలెనంట!"

చూశారా! మా దగ్గర ఖాళీ అంటే చాలు. వాళ్ళ దగ్గర నిండు అంటే చాలు. నేను మర్యాద మీద మర్యాద చేశాను, వాళ్ళూ చేశారు, ఇద్దరి మర్యాదల మధ్య ఏడు గ్లాసులు పోయాయి. ఆ ఏడోది మాత్రం తాగేశాను. పోసింది వదిలేయడానికి చెయ్యి రాలేదు.

మణికట్టు

తర్వాత బియ్యంతో చేసే వాళ్ళ సారా వచ్చింది, సాకే అంటారు. చిన్న మట్టిబుడ్డిలో, వేడి వేడిగా, తాగడానికి బుల్లి గిన్నెలతో. సారా వేడి చేయడమా! పసిపిల్లకు పాలు ఇచ్చినట్టు! ఒక గుక్క చప్పరించాను. తియ్యదనం ముందు వస్తుంది, ఘాటు తర్వాత మెల్లగా తలుపు తట్టి వస్తుంది. మంచి చెయ్యి పడ్డ సరుకు. ఆ మాట పైకి అనలేదు. ఇంట్లో ఉండే ఆడమనిషికి సరుకు సంగతి ఎందుకు?

రాజేంద్ర గారు కాగితం పట్టుకుని లేచారు, మోరి గారికి వీడ్కోలు మాటలు చదవడానికి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. కెంజి ఫోను వస్తే బయటికి వెళ్ళాడు. నేను మాత్రం గ్లాసులు చూశాను. అది నా కన్ను తప్పు. ఎంతమంది కూర్చున్నా ఎవరి రేక ఖాళీ అయిందో దానికి ముందే తెలుస్తుంది.

మోరి గారి గిన్నె ఖాళీ. అడుగు కనబడుతోంది. ఆయన రెండుసార్లు దాని వైపు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బుడ్డి ఆయన మోచేతి పక్కనే ఉంది. పోసుకోరాదు కదా! విందు ఆయనది, మాటలు ఆయన గురించి, అవి ముగియగానే కాంపాయి అంటారు, అప్పుడు పెద్దాయన వట్టి గిన్నె ఎత్తాలా? చుట్టూ చూశాను. ఎవరి గిన్నెలోనూ సరిగ్గా లేదు.

ఇంట్లో ఉంటానని మాటిచ్చాను, నిజమే. నోటితో ఇచ్చాను. చేతులు ఇవ్వలేదు.

లేచాను. ఎప్పుడు చెక్కుకున్నానో కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. బుడ్డి మెడ కుడిచేతిలో, అడుగు ఎడమ అరచేతిలో. లొట్టి పట్టేదీ ఇట్లాగే, స్వరూప నేర్పకముందు నుంచే నాకు రెండు చేతులే. జానెడు ఎత్తు నుంచి సన్నటి ధార వదిలాను. అంచుకు వెంట్రుకంత ఉందనగా మణికట్టు తిప్పాను. చుక్క కింద పడలేదు. పక్కాయనకు, ఆ పక్కామెకు, వరసగా. లలితమ్మకు నారింజ రసం. చిన్నికీ అదే. రాజేంద్ర గారి దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ, "దా, పట్టు" అన్నాను. ఆయన చదువుతున్న కాగితం చంకలో పెట్టుకుని గిన్నె పట్టారు.

మోరి గారు తన గిన్నెను కంటి ఎత్తుకు లేపి అంచు చూశాడు. మెల్లగా ఏదో అడిగాడు.

స్వరూప నా వైపు తిరిగింది. "ఇంత మంచిగ పొయ్యడం ఎక్కడ నేర్చుకున్నరని అడుగుతున్నరు."

"ఇంట్ల చారు పోసీ పోసీ అలవాటైందని చెప్పు" అన్నాను.

లలితమ్మ ఫక్కున నవ్వింది. "ఆంటీ, మీ ఇంట్లో చారుకి ఎంతమంది వస్తారండీ!"

స్వరూప మోరి గారి వైపు తిరిగి నోరు తెరిచింది. మూసింది. నా నడుము దగ్గర చెక్కిన కొంగు చూసింది. కిందిపెదవి కొరుక్కోబోయి ఆగింది. అప్పుడు ఇంగ్లీషులో చెప్పింది. అందులో నాకు తెలిసినవి మూడే, మదర్, ఫాదర్, ట్రీ. మూడూ విన్నాను. చెప్పేసిందని తెలిసింది.

తర్వాత రాజేంద్ర గారి వైపు తిరిగింది. ఆఫీసులో మాట్లాడే తెలుగు కాదు, మా ఇంటి తెలుగులోనే అంది. "మా అమ్మ కల్లు అమ్ముతదండీ. మా నాయిన తాళ్ళెక్కేటోడు, తాడి మీదికెళ్ళి పడి పోయిండు. అప్పుడు నాకు నాలుగేండ్లు. నా ఇంజనీరింగు సదువంత గా కల్లు పోసిన పైసలే. మొన్న గా జోకుకు మీతోని నేను గూడ నవ్విన. నవ్వకుండ ఉండాల్సింది."

రాజేంద్ర గారు గిన్నె దించారు, ఎత్తారు. "అదేంటండీ స్వరూప గారూ! ఏడేళ్ళలో ఒక్కసారి చెప్పలేదే! మా తాతగారికి పొద్దున్నే ముంతెడు కల్లు పడితేగానీ నోట మాటొచ్చేది కాదు."

లలితమ్మ విసురుగా తిరిగింది. "ఏవండీ! మీ తాతగారు పొద్దున్నే పాలు తాగేవారని పెళ్ళిచూపుల్లో చెప్పారు మా నాన్నగారికి!"

"తెల్లగానే ఉంటుంది కదే!"

ఇంక చూడండి నవ్వులు. మోరి గారికి స్వరూప ఎట్లా అర్థం చేసి చెప్పిందో, ఆయన కూడా బల్ల చరిచి నవ్వాడు. తర్వాత నన్ను అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. చెట్టు ఎంత ఎత్తు, ఎన్ని పూటలు గీస్తారు, ఎంతసేపటికి పులుస్తుంది. నేను చెప్పడం, నా బిడ్డ చెప్పడం. ఎక్కడా తడబడలేదు. మోకు గురించి అయితే నేను అడగకముందే లేచి నిలబడి, నడుముకు ఎట్లా వేసుకుంటారో చేసి చూపింది. వాళ్ళ నాయిన మోకు దానికి అంతగా గుర్తుందని నాకు తెలియదు.

ఆగిపోయిన కాంపాయి అప్పుడు గుర్తొచ్చింది. అందరూ గిన్నెలు ఎత్తారు. నా గిన్నె ఖాళీ. అందరికీ పోసి నాకు పోసుకోలేదు. పోసుకోరాదు కదా, ఊకె కూర్చున్నాను.

స్వరూప బుడ్డి తీసుకుంది. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులా పట్టుకుంది. నేను రెండు చేతులా గిన్నె ఎత్తాను. ధార అటూ ఇటూ వణికింది, నా వేళ్ళ మీద పడింది, గిన్నె నిండి అంచు దాటి పట్టంచు మీదికి కారింది.

"మణికట్టు తిప్పవే" అన్నాను.

"తిప్పుతున్ననే" అంది, ముక్కు చీదుకుంటూ.

"అట్ల గాదు. నేర్పిస్త తియ్యి."

కాంపాయి అన్నాం. ఈసారి పక్క గదిలోవాళ్ళే ముందు అన్నారు.

యూ టీ రైలు

ఎనిమిదింటికల్లా రైలెక్కాం. చిన్ని నా ఒళ్ళో కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఏదో గుర్తొచ్చి టక్కున తిరిగింది. "అమ్మమ్మా! మమ్మీ పోసింది యు నెవర్ డ్రింక్! ఫుల్ కప్, జస్ట్ లీవ్ దేర్! సో వేస్ట్ లా!"

స్వరూప నన్ను చూసింది. "అవునే అమ్మా. పెదవికి తాకించి పెట్టేసినవ్. పోసింది ఎన్నడు మిగల్చవు గద? మంచిగ లేకుండెనా?"

"నిండు గ్లాసు సంగతి మోరి సారును అడుగు" అన్నాను.

రైలు కదిలింది. ఒక స్టేషను పోయింది. రెండోది కూడా పోయింది. మూడోదాని తలుపులు మూసుకుంటుండగా నా బిడ్డకు అర్థమైంది. నా భుజం మీద తల వాల్చి, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది. చిన్ని ఇద్దరినీ చూసి, "క్రేజీ లా" అని తను కూడా నవ్వడం మొదలుపెట్టింది.